పుల్ త్రూ అంటే గుంజుడేనా

ఇంగ్లీషులో పెద్ద మాటలతో నాకు పేచీ లేదు. పొడుగు మాట నిజాయితీ గలది. అర్థం కాకపోతే కాలేదని మొహం మీదే తెలిసిపోతుంది, డిక్షనరీలో వెతికితే దొరుకుతుంది, దొరికిన చోటే ఉంటుంది. నా అనుమానమంతా చిన్న మాటల మీద. పుట్, గెట్, టేక్, పుల్, కమ్, గో. ఎల్‌కేజీ పిల్లలకు చేతులూపుతూ నేర్పే మాటలు. వాటి పక్కన అప్ అనో ఆఫ్ అనో ఒక ముక్క వచ్చి నిలబడిందంటే, ఇక మనమెవరో వాటికి తెలియదు.

ఈ అనుమానం హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు మొదలైంది. మా ఇంగ్లీషు సారు నాలుగు పేజీల జిరాక్సు కాగితాలు పంచి, బట్టీ పట్టి పరీక్షలో సొంత వాక్యాల్లో వాడమన్నాడు. అందరి సొంత వాక్యాలూ సారు చెప్పినవే. ‘పుల్ త్రూ’ దగ్గర క్లాసు క్లాసంతా ‘రోగి పుల్ త్రూ అయ్యాడు’ అని ఒకే రోగి గురించి రాసింది. గండం గట్టెక్కాడని అర్థమట. ఆ రోగి ఎవరు, ఏ దవాఖానలో ఉన్నాడు, జబ్బేమిటి అని మాలో ఒక్కరూ అడగలేదు. మార్కు వచ్చింది, ఆయన్ని మరిచిపోయాం.

డిగ్రీ అయ్యాక మట్టెవాడలో మా పెద్దనాయిన దుకాణంలో కూర్చున్నాను. మా నాయన నా చిన్నప్పుడే పోతే ఆయనే పెంచాడు. పసుపు, మిరపకాయ, చింతపండు అమ్మే దుకాణం. పెద్దనాయినకు అనుమానం గుణం కాదు, వృత్తి. పసుపు తెచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, గ్లాసెడు నీళ్ళలో చిటికెడు వేసేవాడు. అది అడుక్కు దిగేదాకా ఇద్దరూ ఆ గ్లాసునే చూడాలి. మాట్లాడితే నీళ్ళు కదులుతాయని మాట్లాడనిచ్చేవాడు కాదు.

గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆయన పరీక్ష నా చదువు మీదికి మళ్ళేది.

“గివ్ అంటె?”

“ఇచ్చుడు.”

“గివ్ అప్ అంటె?”

“ఇడిసిపెట్టుడు.”

“గివ్ ఇన్?”

“లొంగుడు.”

ఆయన కాసేపు రోడ్డు వైపు చూశాడు. “ఇచ్చుడు అనే పనిని ఇంత అనుమానంగ చేసేటోళ్ళను నేను యాడ సూడలే” అన్నాడు.

మన దగ్గర లేదా అన్నాను. కొట్టిపారేయ్ అంటాం, కొట్టేదీ ఉండదు, పారేసేదీ ఉండదు. చూసిపెట్టు అంటాం, చూడ్డమే గాని పెట్టేదేమీ లేదు. వాళ్ళు పని మాటకు చిన్న ముక్క తగిలిస్తారు, మనం ఇంకో పని మాటనే తగిలిస్తాం, అంతే తేడా. ఈ సంగతి ఏ సారూ చెప్పకుండా నేనే కనిపెట్టానని కొంచెం గర్వంగా కూడా ఉండింది.

“మనది అలవాటు. వాళ్ళది మోసం” అని పెద్దనాయిన విచారణ ముగించాడు.

ఇది పాత సంగతి. ఇక మొన్న మొన్నటి సంగతి, ఒక వానాకాలంలో పెద్దనాయినకు దగ్గు పట్టుకుంది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఆ దగ్గును ఆయన వారం రోజులు నమ్మలేదు. మాత్రలు తెచ్చిస్తే వాటి వెనుక తేదీ చదివి, చదివినట్టు తల ఊపి, పక్కన పెట్టాడు. ఒక పొద్దున దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊపిరందక ఒక పక్కకు ఒరిగిపోయాడు. ఆటోలో వేసుకుని హనుమకొండకు తీసుకెళ్ళాం. న్యుమోనియా అన్నారు. మధ్యాహ్నానికి ఐసీయూలో, నోట్లో గొట్టంతో, ఊపిరి పోసే మిషను మీద ఉన్నాడు.

ఆ దవాఖాన పెద్ద డాక్టరు మన దిక్కు మనిషే. కాని ఆ వారం ఊళ్ళో లేడు. ఐసీయూను చూసుకుంటున్నది కేరళ నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు. వచ్చి మూడు నెలలైందట. మంచివాడే. రోజూ పదకొండు గంటలకు బయటికొచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, ఓపికగా ఇంగ్లీషులో చెప్పేవాడు. తెలుగు వచ్చిన నర్సులున్నారు గాని, ఏమడిగినా “సారునే అడుగుండ్రి” అని చేతులకు మందు రాసుకుంటూ లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. అట్లా మా ఇంటి ఇంగ్లీషు భారమంతా నా మీద పడింది.

బయట మేం ముగ్గురం ఉండేవాళ్ళం. పెద్దమ్మ, నేను, బావ. బావ అంటే పెద్దనాయిన అల్లుడు, రఘునాథపల్లిలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఆయనది. అక్క మట్టెవాడ ఇంట్లో ఉండి అన్నం పంపేది. బావకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు కొన్ని వచ్చు. కాని ఆయన ఇంగ్లీషంతా మందు డబ్బాల మీద చదువుకున్నది. కాబట్టి ఏ మాట చూసినా ఆయనకు ముందు తోచే అర్థం ప్రమాదం.

మొదటి రోజు డాక్టరు, పెద్దనాయిన ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ‘పిక్ అప్’ చేశాడన్నాడు. ఎక్కడో అంటుకుందట అని పెద్దమ్మకు చెప్పాను.

“పిక్ అప్ అంటె ఏరుకొనుడు గదా బామ్మర్దీ” అన్నాడు బావ.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. “ఏరుకొనుడా? ఆయన తొవ్వల బంగారం పడ్డా ఏరుకోడు. ఎవడన్న కావాల్నని పడేసిండేమో అని సుట్టు సూస్తడు.”

రెండో రోజు, గొట్టంతో ఇబ్బంది పడకుండా ఆయన్ని ‘పుట్ అండర్’ చేశామన్నాడు డాక్టరు. నేను నోరు తెరిచేలోపు బావ “కిందికి పెట్టిన్రట అత్తా” అనేశాడు. పెద్దమ్మ లేచి నిలబడింది. మా దగ్గర మనిషిని మంచం మీది నుంచి కింద పెట్టేది ఒక్క సందర్భంలోనే. మత్తు ఇచ్చారు, అంతే, మంచం మీదనే ఉన్నాడు అని చెప్పి ఆమెను కూర్చోబెట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. బావ మాత్రం “అండర్ అంటె కిందనే గదా” అని నెమ్మదిగా ఒకసారి అనుకున్నాడు.

తెలుగు కూడా మాకు ఆ రోజుల్లో సాయం చేయలేదు. ఒక సాయంత్రం బావ కిటికీ దగ్గర నుంచి వస్తూ, “పోయిండు” అన్నాడు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. పోయింది డాక్టరు, క్యాంటీనుకు. ఆనాటి నుంచి ఆ మాట మా ముగ్గురిలో నిషిద్ధం. ఎవరు ఎక్కడికి వెళ్ళినా, తిరిగి రాడని తెలిసినా సరే, ‘పోయొస్తాండు’ అనాల్సిందే. మందుల షాపు బిల్లు తెచ్చిచ్చిన వాణ్ణి కూడా అట్లాగే సాగనంపాం.

నేను మందుల చీటీల వెనుక డాక్టరు మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఇంటికెళ్ళాక పాత డిక్షనరీ తీసి చూసేవాణ్ణి. అనుమానం రోగం లాంటిది, ఒకసారి పట్టుకుంటే తెలిసిన మాటనూ వదలదు. ‘బ్రింగ్ డౌన్’ అంటే దించడమని తెలిసీ వెతికాను. దించేది జ్వరాన్నే గదా అని మళ్ళీ చూసుకున్నాను.

మూడో రోజు మాత్రం చీటీ మీద రాసుకోలేదు. డాక్టరు ఎక్కువసేపు మాట్లాడాడు. ఆక్సిజన్ గురించి, వయసు గురించి. చివర తల అడ్డంగా ఊపి ‘హి మే నాట్ మేక్ ఇట్’ అన్నాడు. మేక్ అంటే చేయడం. ఇట్ అంటే అది. ఆయన అది చేయకపోవచ్చు. అంత చిన్న మాటలతో అంత పెద్ద మాట అనగలిగినందుకు నాకు ఇంగ్లీషు మీద ఉన్న అనుమానం నిజమేననిపించింది.

పెద్దమ్మ నా వైపు చూస్తోంది. బావ నీళ్ళ సీసాకు వెళ్ళి ఇంకా రాలేదు.

“చూద్దామంటాండు” అన్నాను.

“అంతసేపు మాట్లాడి గంతేనా?”

“గంతే పెద్దమ్మా. డాక్టర్లు జర సాగదీసి మాట్లాడుతరు.”

“చూద్దామనేటోడు తల అడ్డం ఊపుతడా?”

“కేరళోళ్ళు గట్లనే ఊపుతరు.”

ఒక రాష్ట్రం రాష్ట్రం మీదనే నెపం వేశాను. ఆ రోజు నుంచి పెద్దమ్మ నేను చెప్పింది విన్నాక బావ మొహం చూసేది. నేను చెప్పింది పొట్టిగా ఉంటే ఏదో దాచానని, పొడుగ్గా ఉంటే ఏదో కల్పించానని ఆమె అనుమానం. నాలుగో రోజు ‘హ్యాంగింగ్ ఇన్ దేర్’ అన్నాడు డాక్టరు. తట్టుకుంటాండట, గట్టిగనే ఉన్నడట అన్నాను. ఆమె బావ వైపు తిరిగింది. “లోపల వేలాడుతాండట” అన్నాడు బావ. ఆమె ఆయన మాటే నమ్మింది. ఆమె తప్పేం లేదు. బావ తర్జుమాలన్నీ తప్పులే, కాని ఆయన ఏదీ దాచుకోడు.

ఆరో రోజు పొద్దున నేను స్నానానికని మట్టెవాడ వచ్చాను. ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి ముందటింట్లో సామాన్లన్నీ పక్కకు జరిపి ఉన్నాయి. అక్క నేల కడుగుతోంది. లోపలి మంచం గడప దగ్గరికి వచ్చింది. దాని పక్కన ఒక చెంబు, చెంబులో తులసాకులు.

“ఏందక్కా ఇది?”

“బాపును తీసుకొస్తాన్రు” అంది అక్క, తల ఎత్తకుండా. “మీ బావ ఫోన్ చేసిండు. అంబులెన్సు మాట్లాడిండట. పాణం గుంజుతాందని డాక్టరు ఆయన ఫోన్‌కు మెసేజ్ పెట్టిండట.”

మా దిక్కు గుంజుడు అంటే మామూలుగా లాగడమే. కాని పాణం గుంజుతాంది అంటే అది వేరు. చివరి ఊపిరి పైకీ కిందికీ కొట్టుకుంటోందని, ఇక గడియల్లో ఉందని. అప్పుడు మనిషిని ఎక్కడున్నా ఇంటికి తెచ్చుకుంటారు. పరాయి గోడల మధ్య కాకుండా తన గడప లోపల, తన వాళ్ళు తులసి నీళ్ళు పోస్తుండగా పోవాలని. పెద్దమ్మ ఆ పనే మొదలుపెట్టింది. అందులో తప్పు పట్టేందుకేమీ లేదు, ఒక్కటి తప్ప. కేరళ నుంచి వచ్చి మూడు నెలలైన డాక్టరుకు గుంజుడు అనే మాట ఎట్లా తెలిసింది?

బావకు ఫోన్ చేశాను. “బావా, ఆ మెసేజ్ ఇంగ్లీషుల ఉన్నది ఉన్నట్టు సదువు.”

“హి షుడ్ పుల్... టీ హెచ్ ఆర్ వో యూ జీ హెచ్. త్రోగ్. తర్వాత, విల్ టేక్ హిమ్ ఆఫ్ సపోర్ట్ టుమారో.”

“తెలుగుల ఎట్ల చేసినవ్?”

“నేనెందుకు చేస్త? ఫోన్లనే వస్తది గదా. ‘అతను ద్వారా లాగాలి. రేపు అతన్ని మద్దతు నుండి తీసివేస్తాము.’ ద్వారా ఏందో తెల్వలే గని, లాగుడు తెల్సింది. గుంజుతాండు, రేపు మిషన్ తీసేస్తరని అత్తకు చెప్పిన. రేపటిదాక ఎందుకు, పాణం ఉండంగనే తీసుకపోదామన్నది.”

“సంతకం పెట్టిన్రా?”

“కాయిదం రాస్తాన్రు.”

నేను వచ్చేదాకా పెట్టొద్దని చెప్పి, తడి తలతోనే ఆటో ఎక్కాను.

ఆటోలో కూర్చున్నాక ధైర్యం ఉండాల్సింది. అర్థం తెలిసిన మాటే గదా. కాని దవాఖాన దగ్గరవుతున్న కొద్దీ నా చదువు నా చేతిలో కరిగిపోతూ వచ్చింది. పుల్ త్రూ అంటే గట్టెక్కడం, ఒప్పుకున్నాను. మరి ‘షుడ్’ ఎందుకు పెట్టాడు? తప్పకుండా అనా, కావచ్చు అనా, కావాలని కోరుకుంటున్నాననా? ‘టేక్ ఆఫ్’ ఇంకా అన్యాయం. మిషను రెండు సందర్భాల్లో తీస్తారు. ఇక అవసరం లేనప్పుడు, ఇక లాభం లేనప్పుడు. రెంటికీ వాళ్ళది అదే మాట. మనదీ అదే మాట, తీసేస్తరు. బతికినవాడికీ చచ్చినవాడికీ ఒకటే క్రియ వాడుకునే రెండు భాషల మధ్య నేను ఆటోలో కూర్చుని ఉన్నాను. జీవితంలో పుల్ త్రూ అనే మాటను నేను వాడింది ఒక్కసారి, పరీక్షలో, ఊరూ పేరూ లేని ఆ రోగి మీద.

రెండో అంతస్తులో కౌంటరు ముందు స్టీలు కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, సంచిలో మడత విప్పని పంచె. కాగితం తయారైంది, ఇంగ్లీషులో. దాని సారాంశం కౌంటరు వెనుక నర్సు తెలుగులోనే చెప్పింది, ఈ ఒక్కటి చెప్పడానికి ఆమెకు అనుమతి ఉన్నట్టుంది. “సంతకం పెడితె మిషన్ తీసి, చేత్తో గాలి ఒత్తే బుడ్డతోని పంపుతం. తొవ్వల ఏమైన మా పూచీ లేదమ్మా. ఇంటికి చేరెదాక ఉంటడని చెప్పలేం.”

కాగితం మీద పెన్ను ఉంది. మూత తీసి ఉంది.

“బావా, పుల్ త్రూ అంటె గట్టెక్కుడు” అన్నాను.

“పుల్ అంటె గుంజుడు గాదా? బ్యాంకు తలుపు మీద రాసి ఉంటది, నాకు తెల్వదా?”

“పుల్ అంటె గుంజుడే. త్రూ ఉంటె గట్టెక్కుడు.”

“గట్టెక్కేటోనికి మిషన్ ఎందుకు తీసేస్తరు?”

“గట్టెక్కుతాండు గనుకనే.”

“గట్టెక్కకపోతె?”

అబద్ధం చెప్పి ఉండొచ్చు. “అప్పుడు గూడ తీసేస్తరు” అన్నాను.

బావ నన్ను ఎగతాళి చేయలేదు. అదే బాధ. పెద్దమ్మ వైపు తిరిగి “విన్నవా అత్తా” అన్నాడు మెల్లగా.

పెద్దమ్మ సంచి మీద చేతులు పెట్టుకుని నన్నే చూసింది. “నువ్వు సదువుకున్నవ్, కాదంటలేను. మొన్న చూద్దామన్నడని చెప్పినవ్. నిజంగ ఏమన్నడో ఇప్పుడు చెప్పు.”

“బతకకపోవచ్చన్నడు.”

ఆమె కళ్ళు దించలేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు, నా నోటి నుంచి రావడమే మిగిలింది.

“మరి ఇయ్యాల?”

“బతుకుతడన్నడు.”

“మొన్న నాకు బాధైతదని అబద్ధం చెప్పినవ్. ఇయ్యాల గూడ నాకు బాధైతదనే చెప్తానవేమో. నేనెట్ల పోల్చుకోవాలె బిడ్డా?”

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. డాక్టరు ఇట్లా రాశాడని నమ్ముతున్నానా, ఇట్లా రాసి ఉండాలని నమ్ముతున్నానా.

“డాక్టర్ను పిలువు” అంది పెద్దమ్మ. “నువ్వు నడుమ మాట్లాడొద్దు. నేనే అడుగుత.”

“ఆయనకు తెలుగు రాదు పెద్దమ్మా.”

“రాకపోతె మంచిదే.”

డాక్టరు వచ్చాడు. పెద్దమ్మ నన్ను చేత్తోనే వెనక్కి జరిపి, గోడ దగ్గర నిలబెట్టింది. ఆయన కౌంటరు మీద కాగితం చూశాడు, పెన్ను చూశాడు, నా వైపు చూశాడు.

“అటు కాదు సారూ, ఇటు చూడు” అంది పెద్దమ్మ. “మా ఆయన ఇంటికొస్తడా? మేం తీసుకపోవాల్నా?”

మూడు నెలల్లో ఆయన నేర్చుకున్న తెలుగు రోగుల మంచాల దగ్గర నేర్చుకున్నది. గాలి, నొప్పి, గొట్టం, ఇల్లు. పనుల మాటలన్నీ ఆజ్ఞలే. తిను, దగ్గు, లే, నడువు. తోకలు లేవు, మడతలు లేవు. ఆ మూటనంతా విప్పి అందులోంచి ఒక్కొక్కటీ ఏరుతున్నట్టు ఆయన కాసేపు నేల చూశాడు.

“అమ్మా. ఇవాళ ఇల్లు వద్దు.” కాగితాన్ని వేలితో పక్కకు జరిపాడు. “ఇవాళ, మిషన్ గాలి.” బుగ్గలు పూరించి ఊదాడు. “రేపు, గొట్టం లేదు. ఆయన గాలి.” తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఒక ఊపిరి తీశాడు. “తర్వాత తిను. దగ్గు. మళ్ళీ తిను.” ఎడమ అరచేతి మీద కుడి చేతి రెండు వేళ్ళను నడిపించాడు. “తర్వాత నడువు. ఇల్లు.”

పెద్దమ్మ ఆ వేళ్ళనే చూసింది. బావ కూడా.

“రేపు గొట్టం తీసినంక ఆయన గాలి రాకపోతె?” అంది పెద్దమ్మ.

‘రాకపోతె’ ఆయనకు అందలేదు. ఆమె తన ముక్కు కింద వేలు పెట్టి, ఆ వేలిని అటూ ఇటూ ఊపింది. అప్పుడు అర్థమైంది. గోడ దగ్గర నిలబడి నేను, ఆయన ‘అట్లా కాదమ్మా, ఫికర్ లేదు’ అనాలని కోరుకున్నాను. నేనైతే అదే అనేవాణ్ణి.

“మళ్ళీ గొట్టం” అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ పెన్ను తీసుకుంది. మూత కోసం కాగితాల కింద వెతికి, పెట్టి, నర్సుకు ఇచ్చింది. “ఈ పిలగానికి అబద్ధం చెప్పేటంత తెలుగు రాదు” అంది.

డాక్టరు అది పొగడ్తో కాదో తేల్చుకోలేక నన్ను చూశాడు. నేను నడుమ మాట్లాడొద్దన్న షరతు ఇంకా అమల్లో ఉందేమోనని ఊరుకున్నాను. ఆయన వెళ్తుంటే మెట్ల దగ్గర ఒక్కటి మాత్రం ఇంగ్లీషులో అడిగాను. ఆ మెసేజ్‌లో షుడ్ అంటే ఏ అర్థంలో షుడ్ అని. ఆయన ఆలోచించి, “షుడ్ అంటే షుడ్” అన్నాడు. అదీ చీటీ వెనుక రాసుకున్నాను.

కింద అంబులెన్సు డ్రైవరు ఎదురుచూస్తున్నాడు. “ఏమని చెప్పాలె అత్తా?” అన్నాడు బావ.

“పొమ్మను.”

అయినా పెద్దమ్మ ఆ కుర్చీ వదల్లేదు. ఇంటికి రమ్మంటే సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. ఒప్పుకుంది గాని నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఇంటి దగ్గర అక్కకు కూడా, ఆగమని చెప్పించింది గాని మంచం తీయమనలేదు, చెంబు తీయమనలేదు. అవి అట్లాగే గడప దగ్గర ఉన్నాయి.

మర్నాడు పదింటికి గొట్టం తీస్తామన్నారు. తలుపు మూశారు. మేం ముగ్గురం తలుపు ముందు నిలబడ్డాం. లోపల ఎవరో ‘దగ్గండి, దగ్గండి’ అంటున్నారు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఒక దగ్గు వినిపించింది. అది ఆయనదో పక్క మంచం వాళ్ళదో తెలియలేదు. బావ “మామదే” అన్నాడు. నేనూ అనుకున్నాను గాని అనలేదు, నాకు ఆ అర్హత పోయింది.

గంట గడిచాక నర్సు ఒక్కరినే రమ్మంది. పెద్దమ్మ నెత్తికి టోపీ పెట్టించుకుని వెళ్ళింది. తలుపు అద్దంలోంచి చూశాను. పెద్దనాయిన నోట్లో గొట్టం లేదు. మొహం సగానికి తగ్గినట్టుంది. నర్సు తెర మీద పచ్చ అంకెలు చూపించి ఏదో చెప్తోంది. పెద్దమ్మ ఆ అంకెల వైపు తల కూడా తిప్పలేదు. వంగి, తన చేతి వేళ్ళ వెనుక వైపు ఆయన ముక్కు కింద పెట్టి, అట్లాగే నిలబడింది. నర్సు భుజం మీద తట్టింది. ఆమె కదల్లేదు. పెద్దనాయిన ఒక కన్ను తెరిచి, తన ముక్కు కింద ఉన్న చేయి ఎవరిదా అని చూశాడు. తర్వాత రెండో కన్ను తెరిచాడు. ఆమె చేయి తీయలేదు.

బయటికొచ్చి టోపీ తీసి మడత పెట్టింది. “వెచ్చగనే వస్తాంది” అంది. “ఎవ్వలు ఊదుతలేరు. ఆయనదే.”

కుర్చీలో కూర్చుంది. వారం రోజుల్లో మొదటిసారి వెనక్కి ఆనుకుంది. “ఇంటికి ఫోన్ చెయ్యి. ముందటింట్లకెంచి తీసెయ్యమను.”

బావ ఫోన్ తీశాడు. “ఆఁ, నేనే. గొట్టం తీసిన్రు. అత్త చూసొచ్చింది. తీసెయ్యమంటాంది.”

అవతలి నుంచి అక్క ఏడుపు మాకూ వినిపించింది.

“ఏయ్, ఆగు ఆగు” అన్నాడు బావ, కుర్చీలోంచి లేచి. “మంచం. మంచం తీసెయ్యమంటాంది. మామను గాదు. మామ మంచిగున్నడు. ఊపిరి తీసుకుంటాండు, తనే తీసుకుంటాండు. తీసుకుంటాండు అంటాన, తీసిన్రు అంటలేను. నువ్వు ముందుగల్ల ఏడుపు ఆపు. ఆపి మంచం లోపలెయ్యి.”